చియాంగ్ మాయ్‌లో ఇల్లు చూసే ముందు టీఎం30 సంగతి అడగండి

టీఎం30 అంటే ఇంట్లో దిగిన విదేశీయుల గురించి ఓనరు ఇమ్మిగ్రేషన్‌కు ఇచ్చే రిపోర్టు. దాని సంగతి అడగకుండా ఇల్లు తీసుకుని 24,000 బాట్లు పోగొట్టుకుని రాస్తున్నాను. మన డబ్బులో దాదాపు అరవై వేలు. రిటైరయ్యాక థాయిలాండ్‌లో ఉందామనుకునే మనవాళ్ళు ఇంకెవరూ ఇలా నష్టపోకూడదు.

వీసా పని సాఫీగానే జరిగింది. 50 ఏళ్ళు నిండాలి, థాయ్ బ్యాంకులో 8 లక్షల బాట్లు ఉండాలి, లేదా నెలకు 65,000 బాట్ల ఆదాయం చూపాలి. నా పెన్షన్ అంత రాదు కాబట్టి డిపాజిట్టే వేశాను. విశాఖ నుంచి ఒకేసారి పంపడం నా పొరపాటు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే డబ్బు విదేశానికి పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, పట్టుకున్నారు. రిటర్న్ వేశాక సర్దుబాటవుతుంది, కానీ అన్నాళ్ళూ ఆ డబ్బు ఇరుక్కుపోయినట్టే. మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం పంపి ఉంటే రెండు ఆర్థిక సంవత్సరాల కింద పడి చాలావరకు తప్పేది. ఇంకొకటి. భార్య మన వీసా మీద ఉండాలంటే మ్యారేజ్ సర్టిఫికెట్ అడుగుతారు. మా పెళ్ళయింది 1983లో, శుభలేఖ తప్ప కాగితమే లేదు. బయల్దేరే ముందే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి ఆ పని పూర్తిచేసుకోండి.

ఇక ఇల్లు. ఎనిమిదో అంతస్తులో కాండో, అంటే ఫ్లాటు. అద్దె 12,000, అడ్వాన్సు రెండు నెలలది. బాల్కనీలోంచి దోయ్ సుతేప్ కొండ, చీకటి పడితే కొండమీద గుడి దీపాలు. మా ఆవిడకి అక్కడ నిలబడగానే సింహాచలం గుర్తొచ్చింది. ఇంకేం చూడకుండా సంతకం పెట్టేశాను.

విదేశీయులు దిగిన 24 గంటల్లో ఇంటి ఓనరు ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేయాలి. దాన్నే టీఎం30 అంటారు. మా ఓనరు "రేపు, రేపు" అంటూ నెల గడిపాడు. వీసా ఏడాది పొడిగింపుకి వెళ్ళిన రోజు పొద్దున్న ఏడింటికే లైన్లో నిలబడ్డాం. పదకొండున్నరకి మా నంబరు వచ్చింది. ఆఫీసరమ్మ కాగితాలన్నీ తిప్పి, "టీఎం30?" అని ఒక్క మాట అడిగి, ఫైలు మూసి మా వైపు తోసేసింది. మా ఆవిడ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఓనరుకి ఫోన్ చేస్తే ఏజెంటుని అడగమన్నాడు. ఏజెంటు 5,000 ఇస్తే చేయిస్తానన్నాడు. అసలు ఆ రిపోర్టుకి ఫీజే లేదు! పైగా ఓనరు కరెంటు యూనిట్‌కి 8 బాట్లు గుంజాడు, సర్కారు రేటు అందులో సగమే. ఖాళీ చేస్తామంటే ఏడాది ఒప్పందం తప్పారని అడ్వాన్సు మొత్తం ఉంచేసుకున్నాడు.

శాంతితమ్ పేటలో రెండో ఇల్లు 9,000కి దొరికింది. బాల్కనీ ఎదురుగా పక్కింటి గోడ. కానీ మేం ఆటోలోంచి పెట్టెలు దించేలోపే ఓనరు పెద్దావిడ కూతురు మా పాస్‌పోర్టులు ఫొటో తీసుకుని, ఫోన్లోనే టీఎం30 వేసేసి, రసీదు నా చేతిలో పెట్టింది. మర్నాడు పొడిగింపు ఫీజు తలా 1,900 కట్టి ముద్ర వేయించుకున్నాం. ఆ తర్వాత 90 రోజులకోసారి చిరునామా తెలియజేయాలి, అది ఉచితమే.

ఆ వారం శుక్రవారం పొద్దున్న బాన్ హో మసీదు దగ్గర సంతకి వెళ్ళాం. షాన్ తెగవాళ్ళు, బర్మా వాళ్ళు కూరలు తెచ్చి అమ్ముతారక్కడ. ఒక బర్మా అమ్మాయి ముందు తడిగోనె మీద ఎర్రకాడల ఆకు కట్టలు కనిపించాయి. మా ఆవిడ ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని నా చేయి గట్టిగా పట్టుకుంది. గోంగూర! వాళ్ళు చిన్ బావుంగ్ అంటారట. కట్ట 10 బాట్లు, ఆరు కట్టలు తెచ్చాం. ఉల్లిపాయ కొరుకుతూ రెండు పూటలూ అదే పచ్చడి. మూడు వారాల తర్వాత ఆవిడ కడుపునిండా తిన్నది ఆరోజే.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అడవులు, పొలాలు తగలబెట్టిన పొగ ఊరంతా కమ్మేస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ఆ నెలల్లో ఇక్కడ ఉండొద్దు. మేం విశాఖ వెళ్ళి మేలో తిరిగొస్తున్నాం. రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా దేశం దాటితే ఏడాది పొడిగింపు రద్దయిపోతుంది కాబట్టి తలా 1,000 కట్టి తీసుకున్నాం. పెద్దావిడ మా గది తాళం తన దగ్గరే ఉంచుకుంటానంది. కారప్పొడి తెస్తానని మా ఆవిడ మాటిచ్చింది.