కంచరపాలెం దుమ్ములో కంప్యూటర్ వాటర్ కూలర్: వాడగా వాడగా తేలింది

కంప్యూటర్ ప్రాసెసర్‌ని నీళ్లతో చల్లబరిచే వాటర్ కూలర్‌లో, ఆ వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్‌కి ముందువైపు ఫ్యాన్లు బిగించి ఇచ్చే అలవాటు మీద నాకు పీకలదాకా కోపం ఉంది. కూలర్ డబ్బాలో వచ్చే కాగితం మీద బొమ్మ అలాగే ఉంటుంది, షాపులో కుర్రాళ్లూ అలాగే బిగించి ఇస్తారు. చూడ్డానికి బాగుంటుందన్న మాట నిజమే. క్యాబినెట్ ముందుండే జాలీ (మెష్) వెనక మూడు ఫ్యాన్లు రంగురంగుల లైట్లతో తిరుగుతుంటే, నేను ఎడిట్ చేసిన పెళ్లి వీడియో చూసుకోడానికి వచ్చిన పార్టీలు కూడా ఓసారి ఆగి చూసేవారు. ఊరు విశాఖపట్నం, అందులోనూ ఇల్లు కంచరపాలెం కాకపోతే బహుశా నేనూ అలాగే వదిలేసేవాణ్ణి.

మెషిన్ గురించి రెండు ముక్కలు. రైజెన్ 9 7900ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు, ముందు మెష్ ఉన్న మామూలు క్యాబినెట్. ముందున్న 360 ఎంఎం రేడియేటర్ గుండా గాలి లోపలికి వస్తుంది, వెనక ఒక ఫ్యాన్ బయటికి నెడుతుంది. కొత్తలో కనబడిన ప్రతివాడికీ ఈ కూలరే కొనమని చెప్పాను. రాత్రంతా ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ అయిన వీడియోని ఫైలుగా తీయడం) పెట్టినా పక్కగదిలో అమ్మకి నిద్ర చెడలేదు. మెష్ వెనకున్న నైలాన్ ఫిల్టర్ పక్కనుంచి సొరుగులా లాగితే వచ్చేస్తుంది. కుళాయి కింద కడిగి, ఆరబెట్టి, మళ్లీ తోసేయడమే. క్యాబినెట్ కదపక్కర్లేదు.

వేసవి ముహూర్తాలు వచ్చేసరికి పని నెమ్మదించింది. అంతే నిడివి ఉన్న 4కె వీడియో, అవే సెట్టింగులు, కానీ ఎక్స్‌పోర్ట్ మాత్రం సాగుతూనే ఉంది. ప్రాసెసర్ టెంపరేచర్ చూస్తే తేడా ఏమీ లేదు. ఇక్కడే ఉంది చిక్కు. బరువైన పని పడితే 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే నిలబడేలా ఏఎండీ ఈ ప్రాసెసర్‌ని తయారుచేసింది. కూలర్ బాగుంటే 95 దగ్గర ఎక్కువ వేగంతో నడుస్తుంది, బాగోకపోతే అదే 95 దగ్గర వేగం తగ్గించుకుంటుంది. కొత్తలోనూ 95కి అటూ ఇటూ, ఇప్పుడూ అంతే. దాన్ని చూసి కూలర్ ఆరోగ్యం చెప్పడం కుదరదు.

అసలు గుట్టు విప్పింది నీళ్ల టెంపరేచర్. కూలర్ సాఫ్ట్‌వేర్‌లో అది విడిగా కనబడుతుంది గానీ, ఎవరూ పట్టించుకోరు. గది 33 ఉంటే నీళ్లు కొత్తలో 44 దగ్గర ఆగేవి. ఆ రోజు 58 చూపిస్తోంది.

షాపు నుంచి వచ్చిన కుర్రాడు మూత తీసి, నీళ్లు తిరిగే రెండు ట్యూబులూ నొక్కి చూసి, "పంపు పోయింది గురూ. వీటికి రిపేరుండదు, కొత్తది వేసేద్దాం" అన్నాడు. కొత్తదంటే మళ్లీ ఐదంకెల బిల్లు. నాకు మనసొప్పలేదు. రేడియేటర్ అంచు మీద చెయ్యి వేస్తే రెండు క్షణాలు ఉంచలేకపోయాను. పంపు ఆగిపోతే వేడి ప్రాసెసర్ దగ్గరే చిక్కుకుపోవాలి కదా, ఇంత దూరం ఎలా వచ్చింది? అంటే నీళ్లు తిరుగుతున్నాయి, వేడిని మోసుకొస్తున్నాయి. వచ్చిన వేడి గాలిలోకి పోవడం లేదు, అంతే. టీ ఇచ్చి పంపేశాను.

ముందు నుంచి చూస్తే ఫ్యాన్ రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. వెనక నుంచి టార్చి వేస్తే రేడియేటర్ రేకులూ శుభ్రమే. మిగిలింది ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య, కంటికి అందని చోటు. స్క్రూలు విప్పడమే ఒక యజ్ఞం అయింది. సముద్రపు గాలికి వాటి తలలు ఎర్రగా తుప్పు పట్టి, స్క్రూడ్రైవర్ జారిపోతోంది. ఎలాగో మొదటి ఫ్యాన్ ఊడింది. దాని వెనక రేకుల మీద నల్లటి కంబళి ముక్క పరిచినట్టుంది. గోటితో అంచు లేపితే పొరలాగా ఊడొచ్చింది. ఫ్యాన్ మధ్యభాగం గాలి విసరదు కాబట్టి, ఆ మేర మాత్రం గుండ్రంగా మెరుస్తున్న అల్యూమినియం, చుట్టూ చక్రంలా నలుపు. మిగతా రెండిటి వెనకా ఇదే ముద్ర.

ఆ నలుపేమిటో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. పోర్టులో బొగ్గూ ఖనిజమూ దించే ఊళ్లో, డాబా మీద తెల్లచొక్కా ఆరేసినవాడికి తెలుసు. మామూలు దుమ్మయితే ఊదితే పోతుంది. ఇది తేమకి తడిసి అంటుకుంటుంది. ఫిల్టర్‌ని ఇందాక పొగిడాను కదా, అది పట్టేది నూలుపోగులు, వెంట్రుకలు, దోమలు. ఈ సన్నటి పొడి దాని కన్నాల్లోంచి దర్జాగా వెళ్లిపోతుంది. అలాగని ఇంకా సన్న ఫిల్టర్ వేస్తే గాలే ఆగిపోతుంది.

మెత్తటి పెయింట్ బ్రష్‌తో రేకులు వంగకుండా నిలువునా దులిపాను. తిరిగి బిగించేటప్పుడు రేడియేటర్‌ని మెష్ వైపుకి తెచ్చి, ఫ్యాన్లని దాని వెనక, లోపలివైపు పెట్టాను. ఇప్పుడవి నెట్టవు, లాగుతాయి. ఫ్యాన్ చట్రానికి పక్కన గాలి దిశ చెప్పే బాణం గుర్తు ఉంటుంది, అది చూసి బిగిస్తే చాలు. ఇలా ఫ్యాన్ల చోటు మార్చినందువల్ల నీళ్ల టెంపరేచర్‌లో ఒక డిగ్రీ కూడా తేడా రాలేదు. వచ్చిన లాభమల్లా, దుమ్ము ఇప్పుడు రేడియేటర్ ముందు ముఖం మీద, ఫిల్టర్ లాగగానే కంటికి కనబడేలా పేరుకుంటుంది. కూర్చున్నచోటు నుంచే బ్రష్ ఆడించి, చిన్న వాక్యూమ్ పెడితే పని అయిపోతుంది. ఒక్క స్క్రూ విప్పక్కర్లేదు. ఇంత సుఖం ఉందని ఆ కాగితంలో ఒక్క ముక్క రాయరేం?

లైట్లు మాత్రం రేడియేటర్ వెనక్కి పోయి దాక్కున్నాయి. పార్టీలు ఇప్పుడు నేరుగా వీడియో చూస్తున్నారు.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. గ్రాఫిక్స్ కార్డు కింద, ఇంకేవైనా కార్డులు పెట్టుకోడానికి ఉండే, వాడని స్లాట్ల సందుల్లో నల్లటి చారలు. రేడియేటర్ అడ్డం ఉండటంతో ముందు నుంచి వచ్చే గాలి తక్కువ, వెనక ఫ్యాన్ తోసేది ఎక్కువ. ఆ లోటు సందుల్లోంచి, ఏ ఫిల్టరూ లేకుండా పూడుతోంది. స్లాట్ దగ్గర టిష్యూ కాగితం ముక్క పట్టుకుంటే లోపలికి అంటుకుపోయింది. బయోస్‌లో, అంటే కంప్యూటర్ మూల సెట్టింగుల్లో, వెనక ఫ్యాన్ వేగం తగ్గిస్తూ పోయాను, కాగితం బయటికి ఊగేదాకా. అప్పట్నుంచి చారలు లేవు.

అలాగని ఇది అందరికీ సరిపడే ఏర్పాటనను. రేడియేటర్ ముందు పెడితే ప్రాసెసర్ వేడంతా గ్రాఫిక్స్ కార్డు ముఖాన కొడుతుంది. కార్డు ఒక్కటే పనిచేస్తే 66 ఉండేది, రెండూ కలిసి పనిచేస్తే 74 అవుతోంది. 4070 తాగేది 200 వాట్లే కనుక సర్దుకుపోతోంది. పెద్ద కార్డు పెట్టి గేమ్స్ ఆడేవాళ్లు రేడియేటర్ పైకప్పుకి పెట్టించుకోవడం మేలు. పోర్టుకి దూరంగా మధురవాడ వైపు ఉండేవాళ్లకి ఈ నల్ల బెడద నా అంత ఉండకపోవచ్చు.

మరో మాట, కొంచెం ఇబ్బందిగానే చెబుతున్నాను. ఎండాకాలం మధ్యాహ్నాలు నేను బయోస్‌లో 105 వాట్ల ఎకో మోడ్ పెడుతున్నాను. పేరుకి 105 అయినా, 230 వాట్ల దాకా లాగే ప్రాసెసర్ అప్పుడు నిజానికి 142 దగ్గర ఆగుతుంది, ఎక్స్‌పోర్ట్ కాస్త ఆలస్యమవుతుంది. నీళ్లతో తీసినా గాలితో తీసినా ఆ వేడి చివరికి నా గదిలోకే రావాలి, ఏసీ బిల్లు నేనే కట్టాలి. 142 వాట్లకి మంచి ఎయిర్ కూలర్ చాలు, దాని ధరా తక్కువే. రాత్రిళ్లు పూర్తి వేగంతో నడుపుతాను కాబట్టి నాకు ఈ 360 ఇంకా గిట్టుబాటే. నెలకి రెండు పెళ్లిళ్లే ఎడిట్ చేసేవాళ్లకి అవుతుందని మాత్రం చెప్పలేను.