ఆరేళ్ల జాంగో: రిజిస్ట్రేషన్ పేజీ దగ్గర తిన్న దెబ్బలు

2019లో అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్‌కి అడ్మిషన్ల సైట్ చేసిపెట్టాను. ముందు జాంగో 2.2 (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్), వెనక పోస్ట్‌గ్రెస్ (డేటా దాచే డేటాబేస్). అదే సైట్‌ని 3.2కి, తర్వాత 4.2కి మార్చుకుంటూ ఇప్పటికీ నేనే చూసుకుంటున్నాను. బ్యాచ్‌ల టైమింగ్స్, హాజరు, ఫీజు రసీదులు ఏవీ నన్ను అర్ధరాత్రి నిద్ర లేపలేదు. లేపిందల్లా రిజిస్ట్రేషన్ పేజీయే. అందుకే ఈ సమీక్ష మొత్తం జాంగో మీద కాదు, కొత్త యూజర్ నమోదయ్యే ఆ ఒక్క మూల మీద.

మంచి మాట ముందు చెబుతాను. పాస్‌వర్డ్ ఎలా దాచాలి, మర్చిపోతే లింక్ ఎలా పంపాలి, సెషన్ ఎలా నడపాలి అనే తలనొప్పి మనకి ఉండదు. అన్నీ దాంతోనే వస్తాయి, చక్కగా పనిచేస్తాయి. మనం అడ్డం పడకపోతే.

నేను మొదటి నెలలోనే అడ్డం పడ్డాను. "రిజిస్టర్ అయ్యాను సార్, లాగిన్ మాత్రం అవ్వట్లేదు" అని పిల్లల ఫోన్లు. టేబుల్ తెరిచి చూస్తే గుండె జారింది. పాస్‌వర్డ్ కాలమ్‌లో పొడుగాటి హ్యాష్ (పాస్‌వర్డ్‌ని తిరిగి చదవలేకుండా మార్చిన రూపం) ఉండాల్సిన చోట ఒకరి మొబైల్ నంబరు, ఇంకొకరి ముద్దుపేరు, అన్నీ బట్టబయలుగా ఉన్నాయి. నేను 'క్రియేట్_యూజర్' అని పిలవాల్సింది 'క్రియేట్' అని వదిలేశాను. మొదటిది హ్యాష్ చేసి రాస్తుంది, రెండోది ఇచ్చింది ఇచ్చినట్టు రాసేస్తుంది. లాగిన్ దగ్గర జాంగో అది హ్యాష్ కాదని చూసి, పాస్‌వర్డ్ తప్పు అనేస్తుంది. ఈలోగా నా దగ్గర పని నేర్చుకుంటున్న తమ్ముడు తన పద్ధతిలో రిపేరు చేసేశాడు. టైప్ చేసినదాన్ని టేబుల్‌లో ఉన్నదాంతో నేరుగా పోల్చి, సరిపోతే లోపలికి పంపడం. "అన్నా, ఇప్పుడు అవుతోంది" అన్నాడు సంతోషంగా. అవుతుంది మరి! ఆ పోలిక తీసేసి, చిన్న స్క్రిప్ట్‌తో పాత వరసలన్నీ హ్యాష్ చేసి, అందరికీ పాస్‌వర్డ్ మార్చుకోమని మెయిల్ పెట్టి, ఆ నెల బ్యాకప్‌లు కూడా చెరిపేసేసరికి తెల్లారింది.

అసలు కథ మెయిల్ ఐడీది. జాంగో ఇచ్చే మామూలు యూజర్ మోడల్‌లో (యూజర్ టేబుల్ ఎలా ఉండాలో చెప్పే కోడ్) యూజర్‌నేమ్ ఒకరిది ఇంకొకరికి రాదు గానీ, మెయిల్ ఎంతమందికైనా ఒకటే ఉండొచ్చు. మేం యూజర్‌నేమ్‌గా అడ్మిషన్ నంబరు వేసి, లాగిన్‌కి మెయిల్ వాడుకున్నాం. ఈ మెయిల్‌తో ఎవరైనా ఉన్నారా అని చూసి, లేకపోతే సేవ్ చేయమని కోడ్ రాశాను. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

జూన్‌లో ఒక సోమవారం కౌంటర్ ముందు క్యూ, నెట్ నత్తనడక. కౌన్సెలర్ మేడమ్ సబ్మిట్ నొక్కారు, కదల్లేదు, మళ్లీ నొక్కారు. ఒకే అబ్బాయికి రెండు అడ్మిషన్ నంబర్లు వచ్చాయి. ఆర్టీసీ బస్సు ఆగగానే ఇద్దరు చెరో కిటికీలోంచి చూసి, సీటు ఖాళీగా ఉందనుకుని ఒకేసారి కర్చీఫ్ వేసినట్టు, రెండు రిక్వెస్టులూ ఒకే క్షణంలో టేబుల్‌లోకి చూశాయి. రెంటికీ 'లేడు' అనే కనిపించింది, రెండూ రాసేశాయి. దీనికి తోడు ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది కదా, అదే మెయిల్ పెద్దక్షరంతో ఒకటి, చిన్నక్షరంతో ఒకటి వేరువేరుగా చేరిపోయాయి. తర్వాత ఆ పిల్లాడు లాగిన్ అవబోతే ఒకరు దొరకాల్సిన చోట ఇద్దరు దొరికారని సైట్ 500 ఎర్రర్ (సర్వర్‌లో లోపం) కొట్టింది.

ముందు బటన్‌ని ఒకసారి నొక్కగానే పనిచేయకుండా చేశాను. మేడమ్ ఇంకో ట్యాబ్ తెరిచారు. తర్వాత 'గెట్_ఆర్_క్రియేట్' (ఉంటే తెచ్చి, లేకపోతే సృష్టించేది) పెట్టాను. అది కూడా డేటాబేస్‌లో యూనిక్ నియమం (ఒకే విలువ రెండుసార్లు రాకూడదని) ఉంటేనే పనిచేస్తుందని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, నేను చదవలేదు. చివరికి దారికొచ్చి, మెయిల్‌ని చిన్నక్షరాల్లోకి మార్చి దాని మీద యూనిక్ ఇండెక్స్ వేయమని మైగ్రేషన్‌లో (టేబుళ్ల రూపం మార్చే ఫైలు) నేరుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) రాశాను. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోలేదు. అప్పటికే డూప్లికేట్లు ఉన్నాయి మరి.

లెక్కపెడితే 41. ఒక్కో జంటలో కొత్తదాన్ని తీసేస్తూ పోయాను. మర్నాడు అకౌంట్స్ నుంచి ఫోన్: "సార్, కొందరు కట్టిన ఫీజు కనపడట్లేదు." రసీదుల టేబుల్ యూజర్‌కి 'క్యాస్కేడ్'తో కట్టి ఉంది. యూజర్ పోతే రసీదూ పోతుంది. రాత్రి రెండింటికి తీసిన పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ బ్యాకప్) ఉండబట్టి బతికాను. ఆ రోజే దాన్ని 'ప్రొటెక్ట్'కి మార్చాను, రసీదు ఉంటే యూజర్‌ని తీసేయనివ్వదు. డబ్బుతో ముడిపడ్డ టేబుల్‌కి క్యాస్కేడ్ పెట్టేవాళ్లని చూస్తే ఇప్పటికీ నాకు టెన్షన్.

ఇండెక్స్ పడ్డాక ఇంకో మెలిక వచ్చింది. డూప్లికేట్ వస్తే ఇంటెగ్రిటీ ఎర్రర్ (డేటాబేస్ నియమం తప్పితే వచ్చేది) పట్టుకుని, 'మీరు ఇప్పటికే నమోదయ్యారు' అని చూపించాలి. పట్టుకున్నాను, అయినా పేజీ పేలింది. మా సెట్టింగ్స్‌లో ఒక్కో రిక్వెస్ట్ మొత్తం ఒకే ట్రాన్సాక్షన్, అంటే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. మధ్యలో ఒక్క తప్పు జరిగితే పోస్ట్‌గ్రెస్ ఆ ట్రాన్సాక్షన్‌ని మూసేస్తుంది, ఆ తర్వాత ఏం అడిగినా పలకదు. సేవ్ చేసే ఆ ఒక్క లైన్‌ని విడిగా 'అటామిక్' బ్లాక్‌లో (లోపలి చిన్న ట్రాన్సాక్షన్) పెట్టి, ఎర్రర్‌ని దాని బయట పట్టుకుంటే కుదిరింది. మొత్తం మార్పు నాలుగు లైన్లు, దానికి పట్టింది రెండు రోజులు. సొంత యూజర్ మోడల్ ఉంటే, 4.0 నుంచి ఈ యూనిక్ నియమాన్ని ఎస్‌క్యూఎల్ లేకుండా మోడల్‌లోనే రాయొచ్చు. 4.1 నుంచి ఫారమ్ కూడా దాన్ని ముందే చూసుకుని ఎర్రర్ చూపిస్తుంది. అయినా ఆ అటామిక్ బ్లాక్ నేను తీయలేదు. ఫారమ్ చూసిన తర్వాత, సేవ్ అయ్యేలోపు, ఇంకో రిక్వెస్ట్ దూరే సందు ఎప్పుడూ ఉంటుంది.

పేర్ల సంగతి చిన్నదే గానీ చెప్పాలి. 2.2లో ఫస్ట్ నేమ్‌కి 30 అక్షరాల హద్దు. తెలుగులో 'శ్రీ వెంకట లక్ష్మీ నరసింహ స్వామి' చూడటానికి 12 అక్షరాలే. కంప్యూటర్ లెక్కలో ఒత్తులు, గుణింతాలు, ఖాళీలు అన్నీ కలిపి 32. ఒక్క 'శ్రీ'కే నాలుగు పోతాయి. 3.1లో హద్దు 150కి పెంచారు, గొడవ తీరింది. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, కొందరు ఒక్క ఇనీషియల్‌తో సరిపెడతారు. ఫస్ట్, లాస్ట్ అనే రెండు గడులు నాకు మొదటి నుంచీ చిరాకు.

4.2కి మారాక లాగిన్ కాస్త బరువైంది. పాస్‌వర్డ్ హ్యాష్ తిప్పే లెక్క 3.2లో 2,60,000 సార్లు, 4.2లో 6,00,000. పాతవాళ్లు లాగిన్ అయినప్పుడల్లా వాళ్ల హ్యాష్ కొత్త లెక్కకి దానంతటదే మారిపోతుంది, అది బాగుంది. కానీ మాది ఒక్క కోర్ ఉన్న చిన్న సర్వర్, అడ్మిషన్ల ఉదయం మూలిగింది. లెక్క తగ్గించకుండా సర్వర్ పెంచాను. టెస్టులకి మాత్రం తేలికపాటి హ్యాషర్ పెట్టుకున్నాను, లేకపోతే టెస్టులు పూర్తయ్యేలోపు చాయ్ తాగి రావచ్చు.

యాక్టివేషన్ మెయిల్‌ని 'ఆన్_కమిట్'లో (సేవ్ ఖాయమయ్యాకే నడిచేది) పెట్టండి. లేకపోతే వరస రద్దయినా మెయిల్ వెళ్లిపోతుంది, పనిచేయని లింక్ పట్టుకుని పిల్లలు మనల్ని తిడతారు.

5కి 4 ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు కోశానంటే, సొంత యూజర్ మోడల్‌ని ప్రాజెక్ట్ మొదలుపెట్టిన రోజే పెట్టుకోమని డాక్యుమెంటేషన్ చెబుతుంది గానీ, స్టార్ట్ ప్రాజెక్ట్ అన్నప్పుడు వచ్చే ఫైళ్లలో అది ఉండదు. తర్వాత మార్చడం అంటే ఫారిన్ కీలన్నీ (యూజర్ టేబుల్‌కి కట్టిన లింకులు) ఊడదీసి మళ్లీ కట్టడమే. నేను ఆ పని పెట్టుకోలేదు, ఇప్పటికీ మామూలు మోడల్ మీదే నడుపుతున్నాను.

మొన్న జూన్‌లో పోస్ట్‌గ్రెస్ లాగ్ చూశాను. డూప్లికేట్ కీ అని ఏడు లైన్లు ఉన్నాయి, అన్నీ పొద్దున పదింటికీ పదకొండింటికీ మధ్య, అన్నీ కౌంటర్ కంప్యూటర్ నుంచే. మేడమ్ ఇప్పటికీ రెండుసార్లే నొక్కుతున్నారు.