పిల్లల పుస్తకాలు సొంతంగా వేసుకునేవాళ్ళు ఈ ప్రమోషన్ ప్యాకేజీ వాళ్ళతో జాగ్రత్త

సొంత డబ్బుతో పిల్లల పుస్తకం వేసుకున్నవాళ్ళు, వేసుకోబోతున్నవాళ్ళు ఇది చదవండి. ఇన్‌స్టాలో మనం కవర్ పేజీ పెట్టగానే కింద వచ్చి ‘మీ పుస్తకాన్ని వేలమంది తల్లులకు చేరుస్తాం’ అని కామెంట్ పెట్టి పోతుంటారే, వాళ్ళ గురించే. పేరు రాయను, రాస్తే నోటీసులంటారు. మీకు అర్థమవుతుందిలే.

మాది కడప. నా పుస్తకం కలివికోడి మీద. 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ కనిపించేదాకా అంతరించిపోయిందనే అనుకున్న పిట్ట అది, మన లంకమల అడవిది. ఇక్కడి పిల్లలకే దాని సంగతి తెలియదు కదా అని 32 పేజీలు రంగుల బొమ్మలతో వేయించాను. ఇంకా అచ్చుకి పోకముందే వీళ్ళు తగులుకున్నారు. ప్యాకేజీకి 18,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 21,240 కట్టించుకున్నారు. బిల్లు అడిగితే వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు, దాని మీద జీఎస్టీ నంబరే లేదు. ఐఎస్‌బీఎన్, అంటే ప్రతి పుస్తకానికీ విడిగా ఉండే గుర్తింపు నంబరు, అది తెప్పిస్తామని ఇంకో 3,000. ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆ నంబరు ఉచితంగానే ఇస్తుందట, డబ్బు పోయాక తెలిసింది నాకు.

డబ్బు పడేదాకా ‘అక్కా, అక్కా’. పడ్డాక ‘మేడమ్’.

చాలా అడగ్గా అడగ్గా ఒక రీల్ వచ్చింది. అందులో పందెం కోడి! తల మీద ఎర్రటి తురాయి, వెనక డప్పులు. కలివికోడి ముళ్ళపొదల్లో నక్కి ఉండి రాత్రిపూట మాత్రమే బయటికొచ్చే పిట్టరా బాబూ, పుస్తకం కాదు కదా అట్ట కూడా చూడలేదు మీరు అని అంటే, ‘ఎంగేజ్‌మెంట్ కోసం మేడమ్, జనం అదే చూస్తారు’ అన్నాడు. సరే, అదీ మింగాను.

అసలు కడుపు మండేది ఇక్కడ. రివ్యూలు రాసే తల్లులకు పంపాలని నా దగ్గర 40 కాపీలు తెప్పించుకున్నారు. కొరియర్ ఖర్చు నాదే. వాళ్ళ పిల్లల పేర్ల లిస్టు కూడా పంపి, ఒక్కో కాపీ మీద పాప పేరో బాబు పేరో రాసి సంతకం పెట్టండి, ఫోటోల్లో బాగుంటుంది అన్నారు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని నలభై కాపీల మీదా ఒక్కో బిడ్డకి ఒక్కో మాట రాశాను, అందరికీ ఒకటే రాస్తే బాగుండదని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే నవ్వొస్తోంది.

రివ్యూలు మాత్రం నాలుగు వచ్చాయి, నాలుగింట్లోనూ ఒకే వాక్యం. పుస్తకం అమ్మకానికి పెట్టిన ఆన్‌లైన్ సైట్ వాళ్ళు అవి తీసేశారు. వాటితో పాటు, ఇక్కడి టీచరమ్మ ఒకావిడ తన డబ్బుతో కొని, చదివి రాసిన రివ్యూ కూడా పోయింది.

ఈలోగా ప్రొద్దుటూరు నుంచి మా మరిది ఫోన్. ‘వదినా, నీ పుస్తకం 85 రూపాయలకే ఉంది, ఆఫర్ ఏమన్నా పెట్టినావా?’ నా ధర 180. నేను ఏ ఆఫరూ పెట్టలేదు. అమ్మేవాడి పేరు చూస్తే ఎప్పుడూ విన్నది కాదు, ‘కొత్తది’ అని రాసుంది. ఒకటి ఆర్డర్ పెట్టించాను. వచ్చింది. తెరిస్తే మొదటి పేజీ లేదు, కుట్టు దగ్గర బ్లేడుతో నీట్‌గా కోసేశారు. రెండో పేజీని లైటు కింద వాల్చి చూశాను. బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి రాసే అలవాటు నాది. ‘ప్రేమతో’ అని నా అక్షరాలే, అచ్చు దిగి ఉన్నాయి. దాని పైన ఆ పాప పేరు. అసలు అలాంటి పాప ఉందో లేదో కూడా తెలియదు నాకు.

ఫోన్ చేశాను. ఆ మనిషి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా: ‘ఇచ్చాక అది రివ్యూయర్ సొంతం మేడమ్, అమ్ముకుంటారో ఏం చేస్తారో వాళ్ళిష్టం. ఏదో ఒకలాగ మీ పుస్తకం అమ్ముడుపోతోంది కదా, సంతోషించండి.’ సంతోషించాలట! నేను అచ్చేయించిన పుస్తకాన్ని నా చేతే పోస్టు ఖర్చు పెట్టించుకుని, నాకంటే తక్కువ ధరకి నా మీదే పోటీకి పెట్టి, పైగా సంతోషించాలి. ఇంకో మాట అనేలోపే పెట్టేశాడు. ఇప్పుడు నంబరు బ్లాక్.

మీకు చెప్పేదేమంటే, రివ్యూకి కాపీ ఇవ్వాల్సి వస్తే అట్ట మీద, లోపల రెండుమూడు పేజీల మీద ‘సమీక్ష ప్రతి, అమ్మకానికి కాదు’ అని ముద్ర కొట్టించి ఇవ్వండి, అదీ మీరే నేరుగా ఆ మనిషి అడ్రసుకి పంపండి, మధ్యలో ఎవరికీ గుత్తగా ఇవ్వొద్దు. డబ్బు ముందే మొత్తం కట్టొద్దు. ఐఎస్‌బీఎన్‌కి ఎవరికీ పైసా ఇవ్వొద్దు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. స్క్రీన్‌షాట్లు, ఆ పేజీ కోసిన కాపీ నా దగ్గరే ఉన్నాయి. వీళ్ళకే డబ్బు కట్టినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, అనంతపురం నుంచి ఒకాయన ఇప్పటికే పెట్టారు, ఆయనవి 60 కాపీలట.