ఏడేళ్ళు, ఐదు బ్యారెళ్ళు: బెంచ్‌రెస్ట్ రైఫిల్‌కి 6 బీఆరా, 6 పీపీసీయా?

పోయిన నెల డల్లాస్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, గ్రీన్ కార్డు వచ్చేసింది. నువ్వు కాలుస్తావే, ఆ బల్ల మీద పెట్టి కాల్చే రైఫిల్, అలాంటిది నేనూ చేయించుకుంటా. భుజానికి తన్నకూడదు, గురి తప్పకూడదు. ఏ కార్ట్రిడ్జ్ తీసుకోమంటావు?" అన్నాడు. కార్ట్రిడ్జ్ అంటే పూర్తి తూటా: ఇత్తడి కేసు, దాని అడుగున మందుని అంటించే ప్రైమర్, లోపల మందు, మెడలో బిగించిన బుల్లెట్. 6 బీఆర్, 6 పీపీసీ అలాంటి రెండు కార్ట్రిడ్జ్‌ల పేర్లు. గంటన్నర మాట్లాడుకున్నా తేలలేదు. ఇదే ప్రశ్న అడిగే మనవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు కూడా. అందుకే నా నోటుబుక్కులు ముందు పెట్టుకుని రాస్తున్నా.

నేనుండేది హూస్టన్ శివార్లలో. ఈ ఏడేళ్ళలో ఐదు బ్యారెళ్ళు వాడాను: ఒకటి 308 వించెస్టర్, రెండు 6 బీఆర్, రెండు 6 పీపీసీ. అన్నీ నా డబ్బుతో కొన్నవే. ప్రతి గ్రూపూ (వరసగా కాల్చిన తూటాల చిల్లుల గుంపు), ప్రతి బ్యారెల్లో పేలిన ప్రతి తూటా లెక్కా రాసిపెట్టుకున్నాను.

ముందొక మాట. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకు ఇక్కడ తుపాకీ సొంతంగా ఉంచుకోవడం మామూలుగా కుదరదు. మినహాయింపులున్నాయని ఎవరో చెప్పారని దిగకండి, లాయర్‌ని అడగండి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా రేంజిలో టార్గెట్లు అతికించాను, గాలి జెండాలు పాతాను, పక్కన కూర్చుని చూశాను. ఆ రెండేళ్ళలో నేర్చుకున్నది తక్కువేమీ కాదు.

బెంచ్‌రెస్ట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం. సిమెంటు బల్ల మీద ముందు ఒక స్టాండు, వెనక ఇసుక నింపిన తోలు సంచి. వాటి మీద రైఫిల్. 100 గజాల దూరంలో కాగితం. ఐదు తూటాలు కాల్చాక అన్నిటికంటే దూరంగా పడిన రెండు చిల్లుల మధ్య దూరాన్ని, కేంద్రం నుంచి కేంద్రానికి కొలుస్తారు. అలాంటి గ్రూపులు ఐదు కాల్చి సగటు తీస్తే అది అగ్రిగేట్. పావు అంగుళం లోపు అగ్రిగేట్ వస్తే ఆ రోజు బాగా కాల్చినట్టు. గెలవాలంటే అదీ చాలదు. లైట్ వార్మింట్ అనే పోటీ తరగతిలో రైఫిల్ బరువు స్కోపుతో కలిపి పదిన్నర పౌండ్లు, అంటే 4.76 కిలోలు దాటకూడదు. మిగతా విషయాలన్నీ ఈ బరువు దగ్గరే మొదలవుతాయి.

నేను 308తో మొదలుపెట్టాను. తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, పేరున్న కార్ట్రిడ్జ్, అందరూ అదే చెప్పారు. కాలేజీలో ఎన్‌సీసీలో .22 కాల్చినవాణ్ణి కాబట్టి నాకు గురి వచ్చనే అనుకున్నాను. మొదటి నాలుగు నెలలు గ్రూపులు ముప్పావు అంగుళం నుంచి అంగుళంపావు దాకా తిరిగాయి. తప్పు స్కోపుదనుకుని స్కోపు మార్చాను. స్టాకుదనుకుని (రైఫిల్‌ని మోసే కింది భాగం) దానికి బెడ్డింగ్, అంటే లోహపు భాగం అందులో కదలకుండా కూర్చునేలా పని, చేయించాను.

ఒక శనివారం పక్క బెంచీ పెద్దాయన, లేత్ మెషిన్ మీద నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి, నా తూటాలు తానే అందిస్తానన్నాడు. ఒక్కొక్కటే చేతిలో పెడుతున్నాడు. నాలుగోది మందు, ప్రైమర్ లేని డమ్మీ. ఆ సంగతి నాకు తెలియదు. ట్రిగ్గర్ నొక్కాను, టిక్కుమంది. పేలుడు లేదు, తన్ను లేదు. కానీ స్కోపులో క్రాస్‌హెయిర్ టార్గెట్ మీది నల్ల వలయం కిందికి జారిపోయి కనిపించింది. నా భుజం ముందే బిగుసుకుపోయింది, కళ్ళు సగం మూసుకున్నాయి. ఆయన నవ్వలేదు. "తుపాకీలో తప్పేమీ లేదు. వచ్చే దెబ్బకి నీ ఒళ్ళు ముందే కాచుకుంటోంది" అన్నాడు. ఇంటికెళ్ళి ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను.

తన్ను తక్కువ ఉండాలనేది సుఖం కోసమే అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. బుల్లెట్ బ్యారెల్ దాటడానికి సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ పడుతుంది. ఆ కాస్తలోనే రైఫిల్ వెనక్కి కదలడం మొదలుపెడుతుంది. ఆ కదలిక ఐదుసార్లూ ఒకేలా ఉంటే ఐదు చిల్లులూ ఒకచోట పడతాయి. తన్ను పెద్దదైతే భుజంతో, చెంపతో, చేత్తో అదిమి పట్టాలి. ఐదుసార్లూ ఒకే బలంతో అదమడం మనిషి వల్ల అయ్యే పని కాదు. తన్ను చిన్నదైతే రైఫిల్‌ని దాదాపు ముట్టుకోకుండా వదిలేయొచ్చు. అది సంచుల మీద తిన్నగా వెనక్కి జారుతుంది, మళ్ళీ ముందుకు తోస్తే అదే చోటికి వచ్చి ఆగుతుంది. కన్ను స్కోపు నుంచి తీయనక్కర్లేదు, గాలి మారేలోపు ఐదూ కాల్చేయొచ్చు.

లెక్క కూడా చూడండి. ఒకే పదిన్నర పౌండ్ల రైఫిల్లో 175 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలిచే చిన్న కొలత) బుల్లెట్‌తో 308 తన్ను దాదాపు 12 ఫుట్-పౌండ్లు. 68 గ్రెయిన్ల బుల్లెట్‌తో 6 పీపీసీ తన్ను మూడున్నరకు అటూ ఇటూ. బుల్లెట్ తేలిక, మందు తక్కువ. అంతకుమించి మాయ ఏమీ లేదు.

308 నుంచి 6 బీఆర్‌కి మారడం సులువు. 1978లో రెమింగ్టన్‌లో మైక్ వాకర్ దీన్ని 308 కుటుంబంలోంచే తీశాడు. తర్వాత నార్మా కంపెనీ పొడవైన బుల్లెట్లు పట్టేలా దీనికో రూపం ఇచ్చింది, ఇప్పుడు అందరూ వాడేది అదే. కేసు అడుగు కొలత 308దే కాబట్టి నా పాత యాక్షన్ (తూటాని పట్టి పేల్చే భాగం), బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) అలాగే ఉంచి బ్యారెల్ ఒక్కటే మార్చాను. లపువా కంపెనీ కేసులు పెట్టెలోంచి తీసి నేరుగా వాడుకోవచ్చు, కేసు మెడని సన్నగా చెక్కనక్కర్లేదు. కొత్తగా రీలోడింగ్ (కేసుల్లో మందు, బుల్లెట్ తామే నింపుకోవడం) మొదలుపెట్టేవాళ్ళకి ఇది పెద్ద ఊరట.

అయితే నా మొదటి బీఆర్ బ్యారెల్‌తో పెద్ద టెన్షనే పడ్డాను. మెడ చెక్కనక్కర్లేని చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) కావాలని గన్‌స్మిత్‌కి రాతపూర్వకంగా ఇచ్చాను. బ్యారెల్ వచ్చింది, బిగించాం, తూటా పెట్టాను. బోల్ట్ సగంలో ఆగింది. ఇంకాస్త బలం పెడితే మూసుకునేలా ఉంది. చెయ్యి తీసేసి, తూటా బయటికి లాగి, మైక్రోమీటర్‌తో మెడ కొలిచాను: 0.268 అంగుళం. బ్యారెల్ తిప్పి చూస్తే చాంబర్ పక్కన సన్నటి అక్షరాల్లో 262 అని కొట్టి ఉంది. అంటే రంధ్రం 0.262 అంగుళమే, దానికంటే తూటా మెడ అంగుళంలో ఆరు వెయ్యో వంతులు లావు. బలవంతంగా మూసి పేల్చి ఉంటే మెడ బుల్లెట్‌ని వదలడానికి చోటుండదు, పీడనం ఎక్కడికి పోయేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. గన్‌స్మిత్ తప్పు ఒప్పుకుని పెద్ద రీమర్‌తో (చాంబర్ కోసే పనిముట్టు) సరిచేసి పంపాడు, కానీ రెండు నెలలు పోయాయి. కొత్త బ్యారెల్ ఎవరు చేసినా సరే, దాని మీద ఉన్న నంబరు చదవండి, మీ చేతులతో తూటా మెడ కొలవండి. బోల్ట్ మొరాయిస్తే బలం పెట్టకండి.

ఆ తర్వాత 6 బీఆర్ నన్ను ఒక్కసారి కూడా నిరాశపరచలేదు. 8 అంగుళాలకు ఒక చుట్టు ట్విస్ట్ (బుల్లెట్‌ని తిప్పే బ్యారెల్ లోపలి గాళ్ళ మెలిక), 105 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్. 300 గజాల్లో, 600 గజాల్లో దీనితో కాలుస్తుంటే నాకు పండగే. ఎండాకాలం, చలికాలం ఒకే లోడ్‌తో (తూటాలో నింపే మందు, బుల్లెట్ల కూర్పు) నడిచింది. మొదటి బ్యారెల్ 2,400 తూటాలదాకా మంచి గురి ఇచ్చింది. 100 గజాల అగ్రిగేట్ మాత్రం 0.35 అంగుళం దగ్గర ఆగిపోయింది. మంచి రోజు 0.31. రెండేళ్ళు తలకిందులుగా తపస్సు చేసినా అంతకంటే కిందికి రాలేదు.

దానికి కారణం ట్విస్టేనని ఆలస్యంగా తెలుసుకున్నాను. మనవాళ్ళు దాదాపు అందరూ కార్ట్రిడ్జ్ పేరు ముందు ఎంచుకుని ట్విస్ట్ సంగతి గన్‌స్మిత్‌కి వదిలేస్తారు. ఏ బుల్లెట్టూ నూటికి నూరు పాళ్ళు సమంగా ఉండదు. రాగి తొడుగు ఒకవైపు వెంట్రుకవాసి మందంగా ఉంటుంది. ఎంత వేగంగా గిరగిర తిరిగితే ఆ తేడా బుల్లెట్‌ని బ్యారెల్ దాటగానే అంత గట్టిగా పక్కకి లాగుతుంది. పొడవాటి 105 గ్రెయిన్ల బుల్లెట్ నిలకడగా పోవాలంటే 8 ట్విస్ట్ తప్పదు. పొట్టి, అడుగు చదునుగా ఉండే 68 గ్రెయిన్ల ఫ్లాట్‌బేస్ బుల్లెట్‌కి 13.5 అంగుళాలకు ఒక చుట్టు చాలు. దాన్ని 8 ట్విస్ట్‌లో కాలిస్తే పోతుంది, కానీ అవసరం లేని తిరుగుడంతా గ్రూపులో కనిపిస్తుంది. కాబట్టి ముందు దూరం తేల్చుకోవాలి. ఆ దూరానికి ఏ బుల్లెట్ చాలునో చూడాలి. దానికి సరిపోయే అతి నెమ్మది ట్విస్ట్ ఎంచుకోవాలి. కార్ట్రిడ్జ్ పేరు ఆ తర్వాతే.

అలా 6 పీపీసీకి వచ్చాను. లూ పాల్మిసానో అనే డాక్టర్, ఫెరిస్ పిండెల్ అనే పనివాడు కలిసి 1970ల మధ్యలో చేసిన కార్ట్రిడ్జ్ ఇది. 220 రష్యన్ అనే కార్ట్రిడ్జ్ కేసుని వెడల్పు చేసి తీశారు. ఆ 220 రష్యన్ పుట్టింది ఏకే-47లో వాడే 7.62×39 కేసు నుంచి. యుద్ధం కోసం పుట్టిన కేసు, ప్రపంచంలో అతి చిన్న గ్రూపులు వేసే కార్ట్రిడ్జ్‌ల్లో ఒకటిగా మారిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 100, 200 గజాల పోటీల్లో దశాబ్దాలుగా దీనిదే రాజ్యం.

నా మొదటి పీపీసీ బ్యారెల్ 13.5 ట్విస్ట్, 21.75 అంగుళాల పొడవు. ఈ పొడవు వెనక మా ఊరి కథ ఒకటుంది. 1980లలో హూస్టన్‌లోనే ఒక పెద్ద గోదాములో, గాలి ఊసే లేనిచోట, వర్జిల్ కింగ్ లాంటి కాల్పరులు రైఫిళ్ళను పరీక్షించారు. వాళ్ళకి బాగా కుదిరిన పొడవు ఇదే. పొట్టిగా, లావుగా ఉన్న బ్యారెల్ తక్కువ వణుకుతుంది, బరువు హద్దులోనూ ఇముడుతుంది. మూడో వారంలోనే 0.241 అగ్రిగేట్ వచ్చింది. ఐదు తూటాలూ ఒకే చిరుగు చిల్లులోంచి పోయిన ఆ కాగితం నా బల్ల పైన గోడకి అంటించి ఉంది. మా అమ్మాయి చూసి "నాన్నా, ఒక్కటే కాల్చావా?" అని అడిగింది.

దీనికి చాకిరీ మాత్రం ఎక్కువ. కేసు అడుగు 308 కంటే చిన్నది, కాబట్టి వేరే బోల్ట్ కొనాలి. 220 రష్యన్ కేసులు తెచ్చి, మెడ వెడల్పు చేసి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో చెక్కి, ఒకసారి పేల్చి రూపం తేవాలి. నాకు ఇరవై కేసులకి ఒక ఆదివారం పూర్తిగా పడుతుంది. ఇంకో చిన్న విషయం: లపువా 6 బీఆర్ కేసులకైనా, ఈ కేసులకైనా ప్రైమర్ వెనకాల రంధ్రం సుమారు 1.5 మిల్లీమీటర్లే. పాత ప్రైమర్‌ని బయటికి తోసే మామూలు డీక్యాపింగ్ పిన్ ఇరుక్కుపోతుంది, విరగొచ్చు కూడా. సన్నది అడిగి తెచ్చుకోండి.

పైగా పీపీసీకి వాతావరణం పట్టింపు ఉంది. చాలామందిలా నేనూ వాడేది విహ్టావువొరి ఎన్133 మందు. పొద్దున్న ఎనిమిదింటికి చక్కగా ఉన్న లోడ్, హూస్టన్ ఎండ ఎక్కి పదకొండయ్యేసరికి చెదిరిపోతుంది. అందుకే పోటీలో చాలామంది రేంజిలోనే, బల్ల మీదే లోడ్ చేసుకుంటారు. నాకు ఆ పని ఇష్టం. అందరికీ ఇష్టం కావాలని లేదు. మందు కొలతలు నేను ఇక్కడ రాయను. తయారీదారుల మాన్యువల్ చూడండి, కింది అంకె నుంచి మొదలుపెట్టండి.

బ్యారెల్ ఎవరిది? నా ఐదింటిలో మూడు కట్ రైఫిలింగ్ (లోపలి గాళ్ళు కోసి చేసినవి), రెండు బటన్ (గట్టి మొనతో ఒత్తి చేసినవి). పేరున్న తయారీదారుల దగ్గర ఈ రెంటికీ మధ్య నాకు తేడా కనబడలేదు. అన్నీ 416ఆర్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కు. చాంబర్ తిన్నగా కోయడంలో గన్‌స్మిత్ చెయ్యే ఎక్కువ తేడా తెస్తుంది. దీని మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఆయుష్షు సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. బ్యారెల్ కారు టైరు లాంటిది, అరిగిపోయే వస్తువు. చాంబర్ ముందు, గాళ్ళు మొదలయ్యే త్రోట్ దగ్గర వేడికి ఉక్కు చిట్లుతుంది. బోరోస్కోప్‌లో (బ్యారెల్ లోపల చూపించే సన్నటి పరికరం) చూస్తే ఎండిన చెరువు అడుగులా బీటలు కనిపిస్తాయి. మొదటిసారి చూసి కంగారుపడ్డాను, కానీ ఆ బీటలతోనే అది ఇంకో 700 తూటాలు చక్కగా కాల్చింది. బీటలు చూసి బ్యారెల్ పారేయకండి, కాగితం చెప్పేది వినండి. నా మొదటి పీపీసీ 1,300 దగ్గర పోటీకి పనికిరాకుండా పోయింది. బ్లాంకు (చాంబర్ కోయని ముడి బ్యారెల్), పనికూలి కలిపి 800 డాలర్ల పైనే అయింది. బీఆర్ దాదాపు రెండింతలు నిలిచింది.

మా బావమరిదికి 600 గజాలు కాల్చాలని మనసులో ఉంది, పోటీకి వెళ్ళాలనీ ఉంది, శనాదివారాలు తప్ప తీరిక లేదు. వాడి దగ్గర ఇప్పటికే 308 యాక్షన్ ఉంది. కాబట్టి నా ఓటు 6 బీఆర్, 8 ట్విస్ట్, మెడ చెక్కనక్కర్లేని చాంబర్. 100 గజాలే కాలుస్తాను, గ్రూపు చిన్నదవ్వడం తప్ప ఇంకేమీ వద్దు, గంటలకొద్దీ కేసులు చెక్కే ఓపిక ఉంది అనుకునేవాళ్ళకి పీపీసీ, 13.5 ట్విస్ట్. రెండూ ఒకే బ్యారెల్‌తో చేద్దామనుకుంటే రెండూ సగం సగమే అవుతాయి. రెండేళ్ళు నేను అదే చేశాను.

వచ్చే ఆదివారం వాడు హూస్టన్ వస్తున్నాడు. రెండు రైఫిళ్ళూ పక్కపక్కన పెట్టి, ఒక్కోదానితో పాతికేసి తూటాలు కాల్పిస్తాను. మధ్యలో వాడికి తెలియకుండా ఒక డమ్మీ కూడా పెడతాను. బ్లాంకు ఆర్డర్ ఇచ్చేది సోమవారం.