స్పానిష్ కోర్సుకు డబ్బు కట్టే ముందు క్రియల పేజీ తెరిచి చూడండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి స్పానిష్ నేర్చుకోవాలనుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నెల్లూరులోని ఒక శిక్షణ కేంద్రంలో ఏ1 నుంచి బీ2 దాకా నాలుగు స్థాయిలకూ కలిపి ఒకేసారి 28 వేల రూపాయలు కట్టాను. విడివిడిగా కడితే 40 వేలవుతుందన్నారు. కావలి నుంచి ప్రతి శని, ఆదివారాలు రైల్లో వెళ్లి ఐదు నెలలు చదివాను. డబ్బు పోయినందుకు కన్నా, తప్పులను అంత శ్రద్ధగా కంఠస్థం చేసినందుకు ఎక్కువ బాధపడుతున్నాను.

చెన్నైలో ఉద్యోగ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు సంగతి బయటపడింది. ఒక ప్రశ్నకు జవాబు తెలియక ‘నో సాబో’ అన్నాను. ఎదురుగా కూర్చున్నావిడ నెమ్మదిగా ‘నో సే’ అని సరిదిద్దారు. ‘సాబేర్’ అంటే తెలియడం. ‘నాకు తెలుసు’ అనాలంటే ‘సే’ అనాలి. ‘సాబో’ అనేది మాటలు నేర్చుకునే పసిపిల్లలు చేసే తప్పు. మా పుస్తకంలో అచ్చయింది అదే.

ఇంటికి రాగానే రాయల్ స్పానిష్ అకాడమీ నిఘంటువు తెరిచాను. అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, క్రియారూపాల పట్టికలు కూడా అందులో ఉన్నాయి. ‘తెనేర్’ అంటే దగ్గర ఉండడం. ‘నా దగ్గర ఉంది’ అనడానికి ‘తెంగో’ అనాలి, మా పుస్తకంలో ‘తెనో’ అని ఉంది. ‘పెడతాను’ అంటే ‘పోంగో’, మాకు నేర్పింది ‘పోనో’. సూత్రానికి లొంగే క్రియలను ఎలా మారుస్తారో లొంగని వాటినీ అలాగే మార్చి అచ్చు వేశారు. పదాల పట్టికలోనూ అంతే. ‘ఎక్సితో’కు బయటికి వెళ్లే దారి అని అర్థం రాశారు. అసలు అర్థం విజయం. ‘లిబ్రెరీయా’ అంటే గ్రంథాలయమట! అది పుస్తకాల దుకాణం. ఇంగ్లిషు మాటల పోలిక చూసి ఊహించి రాసినట్టుంది.

ఇక స్థాయిల సంగతి. మా ఏ2, బీ1 పుస్తకాలకు అట్టలు వేరు, లోపల దాదాపు అంతా వర్తమాన కాలమే. నిజానికి ఏ2లోనే రెండు భూతకాలాలు రావాలి. ‘అబ్లే’ అంటే మాట్లాడాను, ‘అబ్లాబా’ అంటే మాట్లాడేదాన్ని. ఈ తేడా తెలుగులో పుట్టి పెరిగిన మనకు ఒక్క గంటలో పట్టుబడుతుంది. బీ1కి వచ్చేసరికి కోరికలు, సందేహాలు చెప్పే రూపాలు మొదలవ్వాలి. ‘నువ్వు మాట్లాడతావు’ అన్నప్పుడు ‘అబ్లాస్’ అయ్యేది, ‘నువ్వు మాట్లాడాలని నా కోరిక’ అన్నప్పుడు ‘అబ్లెస్’ అవుతుంది. బీ1 పుస్తకం మొత్తంలో ఆ ఊసే లేదు. మనం ‘మీరు’ అన్నట్టు గౌరవంగా పిలిచే ‘ఉస్తెద్’ కూడా ఎక్కడా కనిపించలేదు. ఆ మాట రాకుండా ఉద్యోగంలో ఖాతాదారుతో ఎలా మాట్లాడతాం?

ఏ స్థాయిలో ఏ వ్యాకరణం రావాలో సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్ వివరంగా తయారుచేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. స్పానిష్ ఎంత వచ్చో తేల్చే దెలె పరీక్షలను స్పెయిన్ ప్రభుత్వం తరఫున నిర్వహించేదీ ఆ సంస్థే. దాని శాఖ ఢిల్లీలో ఉంది. మాకు ఇస్తామన్న ‘అంతర్జాతీయ సర్టిఫికెట్’ ఆ కేంద్రం వాళ్లు సొంతంగా అచ్చు వేసుకున్న కాగితం. దెలెతో దానికి ఏ సంబంధమూ లేదు.

డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే రసీదు చూసుకోమన్నారు. అందులో బోధన రుసుము అని లేదు, ‘పుస్తకాల సామగ్రి’ అని ఉంది. సామగ్రి తీసుకున్నాక డబ్బు తిరిగి ఇవ్వరట. కట్టిన రోజే ఆ రసీదు చదవకపోవడం నా పొరపాటు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. అందుకు రెండేళ్ల గడువు ఉంటుంది కాబట్టి, నాలాగే నష్టపోయిన వాళ్లు రసీదులు, ఫోన్ సందేశాలు చెరిపేయకండి.

ఆత్మకూరు బస్టాండు దగ్గర కొత్త బ్యాచ్ పోస్టర్లు మళ్లీ అంటించారు. అక్కడనే కాదు, ఎక్కడ చేరుతున్నా సరే, ముందు ఒక్క స్థాయికే కట్టండి. కట్టే ముందు పుస్తకం అడిగి ‘సాబేర్’, ‘తెనేర్’ ఉన్న పేజీ చూడండి. ‘సే’, ‘తెంగో’ అని లేకపోతే పుస్తకం అక్కడే పెట్టి వచ్చేయండి.