పంచ్‌లో స్ప్రింగు పిన్ను: ఆరేళ్ల వాడకం తర్వాత

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో మాది చిన్న ప్రెస్ షాపు. 1.2 మిల్లీమీటర్ల రేకుతో బ్రాకెట్లు కొడతాం. పైనుంచి దిగి రేకును కోసేది పంచ్, కింద దాన్ని అందుకునేది డై. మొదట్లో మమ్మల్ని ఏడిపించింది బిళ్ళ, అంటే రంధ్రం నుంచి తెగిన రేకు ముక్క. రంధ్రం పడ్డాక కిందికి రాలిపోవాల్సింది పంచ్ మొహానికి అంటుకుని పైకొచ్చేసేది. రేకు మీది నూనె పొర గాలి చొరనివ్వక దాన్ని పట్టేస్తుంది. అది రేకు మీద పడితే తర్వాతి దెబ్బకు సరుకంతా సొట్టలే. ఒకసారి డై అంచే పెచ్చు లేచింది.

అప్పుడు పంచ్ మధ్యలో రంధ్రం వేయించి, వెనక స్ప్రింగు పెట్టి సన్నటి పిన్ను దించాం. మొహం నుంచి ఒక మిల్లీమీటరు బయటికి ఉంటుంది. దెబ్బలో లోపలికి పోతుంది, పంచ్ లేస్తుంటే బిళ్ళను కిందికి తోసేస్తుంది. ఆ బ్రాకెట్ డైలో సొట్టల గొడవ దాదాపు పోయింది. ఈ ఆరేళ్లలో పెట్టిన డబ్బుకు ఇంత ఫలితమిచ్చింది ఇంకోటి లేదు.

కానీ గ్రైండింగ్ దగ్గర జాగ్రత్త. మా కుర్రోడు ఒకసారి పిన్ను తీయకుండానే పంచ్ సానబట్టాడు. పొడి లోపలికి చేరి పిన్ను బిగుసుకుపోయింది, బిళ్ళలు మళ్లీ మొదలయ్యాకే తెలిసింది. పిన్ను తీసి సానబట్టినా పని అయిపోదు. పంచ్ అరిగినంత మేర పిన్ను పొడవుగా బయటికి వస్తుంది, దాన్నీ అంత కోయాలి. లేకపోతే కోత పడకముందే రేకును గుచ్చుతుంది, స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి విరుగుతుంది. వానాకాలంలో వారం రోజులు డై ఊరికే ఉంటే లోపల తుప్పు. నూనె చుక్క వేసి వేలితో నొక్కి చూశాకే డై ఎక్కిస్తున్నాం.

ఐదు మిల్లీమీటర్ల లోపు లావున్న పంచ్‌లలో మేం పెట్టం, గోడ పలచనై పగులుతుంది. వాటికి మొహం కాస్త ఏటవాలుగా సానబడతాం.

రేకు దెబ్బదెబ్బకూ ముందుకు జరుగుతూ వరుసగా పనులు జరిగే ప్రోగ్రెసివ్ డైలో రేకును పైకెత్తే పిన్నులూ స్ప్రింగువే. పక్క షెడ్డులో ప్లాస్టిక్ మూతల మోల్డులో పక్కకు జరిగే ముక్క, అదే స్లయిడ్‌ను తెరిచినచోటే ఆపేది స్ప్రింగు గుండు. అది వదులైతే స్లయిడ్ జారుతుంది, మూసేటప్పుడు స్లయిడ్‌ను జరిపే ఏటవాలు పిన్ను దాని రంధ్రంలోకి పోకుండా వచ్చి దాన్ని కొడుతుంది. మర వదులవకుండా పట్టే జిగురు వేసి ఆ గుండును బిగించమని వాళ్లకు చెప్పాను.

స్ప్రింగులు తెచ్చేటప్పుడు నాలుగైదు ఎక్కువే తెస్తాను. స్ప్రింగు విరిగి బిళ్ళ పైకొచ్చి డై అంచు పోతే విశాఖ ఆటోనగర్ దాకా పరిగెత్తాలి, అంతవరకూ ప్రెస్సు ఖాళీ.