ఆహార బాక్టీరియా గుర్తింపులో మాల్డి-టాఫ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఆహార నమూనాల నుంచి వేరు చేసిన బాక్టీరియాను గుర్తించడానికి మాల్డి-టాఫ్ యంత్రాన్ని (ప్రొటీన్ల ద్రవ్యరాశులను కొలిచి బాక్టీరియా పేరు చెప్పే మాస్ స్పెక్ట్రోమీటర్) కొన్నేళ్లుగా మా ప్రయోగశాలలో వాడుతున్నాను. జీవరసాయన పరీక్షలు పెట్టి మర్నాటిదాకా ఆగవలసిన చోట, ఇప్పుడు కాలనీ (పోషక మాధ్యమంపై పెరిగిన బాక్టీరియా గుంపు) చేతికొచ్చిన కొన్ని నిమిషాల్లోనే పేరు తెలిసిపోతోంది. అయితే ఆ నిమిషాల లెక్క కాలనీ పెరిగాకే మొదలవుతుందని కొనేవారు గ్రహించాలి. 25 గ్రాముల నమూనాలో కొద్దిపాటి సాల్మొనెల్లా కణాలున్నా పట్టుకోవాలంటే ఎన్‌రిచ్‌మెంట్, సెలెక్టివ్ అగార్ దశలు (ద్రవ మాధ్యమంలో బాక్టీరియా సంఖ్యను పెంచి, కావలసిన రకాన్నే ఎక్కువగా పెరగనిచ్చే మాధ్యమంపై వేరుచేయడం) యథాప్రకారం జరగవలసిందే.

కాలనీని టూత్‌పిక్‌తో స్టీల్ ప్లేటుపై పలుచగా పూసి, ఒక మైక్రోలీటరు మాట్రిక్స్ ద్రావణం (లేజరు శక్తిని పీల్చుకుని ప్రొటీన్లు వెలువడేలా చేసే రసాయనం) వేసి ఆరనిస్తే, లేజరు తాకిడికి వెలువడే ప్రొటీన్ల, ముఖ్యంగా రైబోజోమ్ ప్రొటీన్ల ద్రవ్యరాశులను యంత్రం డేటాబేస్‌తో పోల్చి చూస్తుంది. ఫలితం మంచిచెడ్డలు చాలావరకు ఆ పూతలోనే ఉన్నాయి. పూత మందమైనా, కాలనీ పాతబడి స్పోర్లు (గట్టి పెంకుగల నిద్రాణ కణాలు) కట్టినా స్కోరు, అంటే డేటాబేస్‌తో ఎంత సరిపోలిందో చెప్పే అంకె, పడిపోతుంది. మందమైన కణకవచం ఉండే గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాకు మాట్రిక్స్ కంటే ముందు 70 శాతం ఫార్మిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే స్కోరు స్పష్టంగా మెరుగుపడుతుంది.

నాకు దీని విలువ బాగా తెలిసివచ్చింది పాడైన ఆహారం విషయంలో. జీవరసాయన పరీక్షలకు ఒక పట్టాన లొంగని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాను, మాంసాన్ని పాడుచేసే బ్రోకోథ్రిక్స్‌ను ఇది చక్కగా గుర్తిస్తుంది. ఆక్సిజన్ కావలసిన స్యూడోమోనాస్ వాక్యూమ్ ప్యాక్ చేసిన మాంసంలో విపరీతంగా కనిపిస్తే, సీలు ఎక్కడో వదిలిందేమోనని వెంటనే చూడమని చెప్పగలుగుతున్నాం.

హానికర బాక్టీరియా దగ్గర మాత్రం దీన్ని ఒంటరిగా నమ్మను. ఇ. కోలైకీ షిగెల్లాకీ, బాసిల్లస్ సీరియస్‌కీ దాని దగ్గరి జాతులకీ మధ్య తేడా సాధారణ పద్ధతిలో నమ్మకంగా తేలదు; సాల్మొనెల్లా అని చెబుతుంది గానీ సీరోవార్ (ఉపరకం) చెప్పదు; ఇ. కోలైలో షిగా విషపు జన్యువులున్నాయో లేదో తెలియాలంటే పీసీఆర్ (జన్యు ముక్కను పెంచి పట్టే పరీక్ష) చేయవలసిందే. జబ్బు చేసే లిస్టీరియా మోనోసైటోజీన్స్, సాధారణంగా హాని చేయని లిస్టీరియా ఇన్నోక్యువా దగ్గరి పోలికలతో ఉంటాయి కనుక, స్కోరు ఎంత బాగున్నా హీమోలిసిస్ (ఎర్ర రక్తకణాలను పగలగొట్టే గుణం) పరీక్షో పీసీఆరో పూర్తయ్యాకే నివేదికపై సంతకం పెడతాను.

కొనేముందు డేటాబేస్ గురించి గట్టిగా అడగాలి. ఆసుపత్రి నమూనాలను దృష్టిలో పెట్టుకుని కూర్చిన డేటాబేస్‌లో ఆహార, పరిసర బాక్టీరియా చాలా చోట్ల దొరకవు. అలాంటివాటిని 16ఎస్ జన్యు (బాక్టీరియా అన్నిటిలో ఉండే రైబోజోమ్ జన్యువు) క్రమంతో గుర్తించి, వాటి స్పెక్ట్రాలను (ప్రొటీన్ ద్రవ్యరాశుల చిత్రాలను) మనమే చేర్చుకునే వీలు లేకపోతే ఆహార ప్రయోగశాలకు ఈ యంత్రాన్ని నేను సిఫారసు చేయను.